వంటశాల వైపు తిరిగిన తొలిముద్దమ్మ

పూర్వం పెన్నకు దక్షిణాన, ఎర్రనేలల నడుమనున్న ఈ గుట్టసీమను సింగమనాయకుడనే పాలెగాడు పరిపాలించే రోజులలో, గుట్టమీద వెలసిన అమ్మవారిని సంతానప్రదాయినిగా భావించి సమస్తజనులూ భక్తితో సేవించేవారు. ఆ భక్తిలో ఒక మహాపరాధం కలిసి ఉండేది. దాన్ని దాచిపెట్టి అమ్మ మహిమను మాత్రం కీర్తించడం నాకు చేతకాదు.

పెళ్లై అత్తవారింట అడుగుపెట్టిన ప్రతి కోడలూ కడుపు పండేదాకా ఒంటిపూట నోము పట్టాలని ఇక్కడి ఆచారం. పగలంతా పస్తుండి, అమ్మవారికి నైవేద్యం వండి, ఇంటిల్లిపాదీ తిన్న తరువాత అడుగూ బొడుగూ ఏమైనా మిగిలితే ఆ పిల్ల తినాలి. నెల తప్పిందని తెలియగానే మాత్రం నేతిగారెలు, పాయసాలు, సీమంతపు సంబరాలు! అప్పటికే ఎండిపోయిన ఒంటికి ఆ కొద్ది నెలల నెయ్యి ఏం సరిపోతుంది? పిడికెడంత బిడ్డలు పుట్టేవారు, ఏడవడానికైనా ఓపిక లేక కళ్లు మూసేవారు. బిడ్డ పోయిన ఇంట్లో ఆ తల్లిదే దురదృష్టమని తేల్చి, మళ్లీ అదే నోము పట్టించేవారు. ఇంత తెలివితక్కువతనానికి దైవభక్తి అని పేరు పెట్టుకున్నవాళ్లను ఏమనాలి?

సింగమనాయకుని ఏకైక కోడలు చిన్నమాంబ ఆ విధంగా ఇద్దరు బిడ్డలను మట్టిలో పెట్టింది. ఆమె ఒళ్లు కుదుటపడకముందే అత్తగారైన అక్కమదేవి వంశోద్ధారకుని కోసం మళ్లీ నోము పట్టించింది. ఇంకొక కాన్పు వస్తే బిడ్డతోపాటు తల్లి కూడా దక్కదని చూసినవారందరికీ తెలుసు. నోరు విప్పినవారు ఒక్కరూ లేరు.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం, గుడి వంటశాలలో పులగం వండి, పళ్లెం చేతబట్టి లేవబోయిన చిన్నమాంబ కళ్లు తిరిగి కుప్పకూలింది. అక్కమదేవి పరుగున వచ్చింది. వచ్చి కోడలిని పట్టుకోలేదు, పళ్లేన్ని పట్టుకుంది! "నైవేద్యం నేలపాలు కాలేదు, అదే పదివేలు" అంటూ ఆ పిల్లను అక్కడే వదిలి గర్భగుడికి నడిచింది.

ఆమె గడప దాటగానే గుట్ట అదిరింది. వంటశాలకూ గర్భగుడికీ నడుమనున్న రాతిగోడ నిలువునా చీలింది. అందరూ చూస్తుండగా అమ్మవారి శిలావిగ్రహం భక్తులకు వీపు పెట్టి, నేలమీద పడివున్న చిన్నమాంబ వైపు తిరిగింది.

"నేనడిగినానా ఈ నోము?" అని గర్భగుడి మారుమోగింది. "వానకు ముందే చేను దున్నుకుంటారు గదా మీరు! కోడలికి మాత్రం కడుపు పండినాకనా తిండి? బిడ్డల్ని నేనిస్తాండా, మీరు మాడ్చి చంపుతాండారు. చంపి నా పేరు చెప్తాండారు!"

అక్కమదేవి పళ్లెం చేతబట్టుకునే, "తల్లీ, మా అత్త నాతో చేయించింది, నేను నా కోడలితో చేయిస్తాండా. నా తప్పేముందమ్మా?" అంది.

"నీ కడుపున పుట్టి పోయినోళ్లను గూడా మర్చిపోతివా?"

ఏనాడూ ఎవరి ఎదుటా కంటతడి పెట్టని అక్కమదేవి ఆ మాటకు బావురుమని ఏడ్చి, చీలిన గోడలోంచి వంటశాలలోకి వెళ్లి, కోడలి తలను ఒడిలో పెట్టుకుని, ఇంకా నివేదన కాని ఆ పులగంలోంచి తొలిముద్ద తీసి ఆమె నోటికి అందించింది. పూజారి అపచారమని అరవబోతే, "నోర్ముయ్, నా బిడ్డ తింటాంది" అంది.

నాటినుంచి చిన్నమాంబ ఆ ఇంట అందరికంటె ముందు తిన్నది. పాలు, పప్పు, రాగిసంకటి, ఆకుకూరలతో ఆమె ఒంటికి రక్తం పట్టి, బలం చేకూరిన తరువాతనే గర్భం ధరించి, గుట్టంతా వినబడేలా ఏడ్చే ఆడపిల్లను కన్నది. వంశోద్ధారకుడు కావాలన్న సింగమనాయకుడు ఆ ఏడుపు విని పరుగెత్తుకొచ్చి, మనవరాలిని ఎత్తుకుని, మరి దించలేదట. అమ్మవారికి తొలిముద్దమ్మ అనీ, ఊరికి తొలిముద్దగుట్ట అనీ పేర్లు అప్పుడు కలిగాయి.

విగ్రహాన్ని మళ్లీ ఇటు తిప్పడానికి ఎన్ని శాంతులు, హోమాలు చేసినా అమ్మ తిరగలేదు. ఈనాటికీ శ్రావణ శుక్రవారం నాడు పెళ్లికాని పిల్లలూ, కొత్త కోడళ్లూ వంటశాలలో కడుపునిండా తిని లేచేదాకా నైవేద్యం లేదు. పాలెగాని వంశస్థులైనా సరే బయట ఆకలితో నిలబడవలసిందే. ఆ ఒక్కరోజు పాటించిన మర్యాదను గుట్ట దిగగానే మరిచిపోయి, ఇంట్లో కోడలికి మళ్లీ అడుగూ బొడుగూ పెడుతున్నాం కనుకనే అమ్మ కోపం చల్లారలేదు. మనం ఆమె వీపుకే హారతి ఇస్తున్నాం. ఆమె ముఖం కనిపించేది అక్కడ కూర్చుని తింటున్న ఆడపిల్లలకే.