జవాబు రోకలి

బర్నబా మేస్టారికి ఒకే ఒక్క చరణం దొరకలేదు. దాంతో పుస్తకం మొత్తం ఆగిపోయింది.

అతను హైస్కూల్లో డ్రాయింగు మేస్టారు. పదిహేనేళ్ళుగా ఎవరూ పాడని క్రిస్మసు పాటలు పోగుచేస్తున్నాడు. చర్చిలో అందరూ పాడే పాటంటే అతనికి చిన్నచూపు. ఉప్పుమడుల్లో పాడింది కావాలి, వల అల్లుతూ పాడింది కావాలి. ఏ లంకలోనో ఒక ముసలాయనకు ఒక పాట వచ్చని తెలిస్తే జ్వరంలో కూడా సైకిలెక్కేవాడు. అలా రెండు వందల పదకొండు పాటలు మూడు లావుపాటి నోటు పుస్తకాల్లోకి ఎక్కాయి. ఎవరి పెళ్ళికి వెళ్ళినా ఆ లెక్క పక్కవాడికి చెప్పకుండా విస్తరి ముందు కూర్చునేవాడు కాదు.

డిసెంబరు రెండోవారంలో ఒక ఉదయం ఆ పుస్తకాలు సంచిలో వేసుకుని పరంజ్యోతిగారి ఇంటికి వెళ్ళాడు. కాలవపాలెం చర్చిలో నలభై ఏళ్ళు పాటలు నేర్పిన మనిషి ఆయన. బర్నబాకు హార్మోనియం మీద వేళ్ళు పెట్టించింది కూడా ఆయనే.

"గురువుగారూ, పుస్తకానికి తొలిపలుకు మీరే రాయాలి."

"అలాగే. ముందు ఒక పాట పాడు."

బర్నబా నోటు పుస్తకం తెరిచాడు. పరంజ్యోతిగారు చెయ్యి చాపి దాన్ని మూసేశారు.

"చూడకుండా."

మొదటి పాదం బాగానే వచ్చింది. రెండో పాదం గుర్తు రాలేదు. ఇంకో పాట అందుకున్నాడు. అదీ అంతే అయింది. బర్నబాకు చెవులు వేడెక్కాయి.

"నేను పాటలు పోగుచేసేవాణ్ణండీ, పాడేవాణ్ణి కాదు."

పరంజ్యోతిగారు, "పుస్తకం ఎక్కడ ఆగింది?" అని అడిగారు.

ఆగింది రూతమ్మ దగ్గర. చర్చి వెనక వీధిలో ఉంటుంది. ఎనభై రెండేళ్ళు. క్రిస్మసు అరిసెలకు పిండి దంచేటప్పుడు పాడే పాట ఒకటి ఆవిడకు వచ్చు. ఇప్పుడు అందరూ పిండిమరకు వెళ్తున్నారు కాబట్టి ఆ పాట వచ్చినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. బర్నబా నాలుగుసార్లు వెళ్ళాడు. నాలుగుసార్లూ ఆవిడ మూడు చరణాలు పాడి, నాలుగోదానిలో సగంలో ఆగిపోయింది.

"గుర్తు తెచ్చుకో మామ్మా అని బతిమాలానండీ. అది నాది కాదయ్యా అంటుంది. దాస్తోందో, మర్చిపోయిందో తెలీదు. పైగా ఈ చలికి ఒకటే దగ్గు." బర్నబా గొంతు తగ్గింది. "ఆవిడ పోతే పాటా పోతుందండీ. అదే నా బెంగ."

ఆ మాట మాత్రం నిజంగానే అన్నాడు. పరంజ్యోతిగారు అతని మొహంలోకి చూశారు.

"పాడేటప్పుడు ఎక్కడ కూర్చోబెట్టావు?"

"కుర్చీలోనండీ. ఫోన్లో రికార్డు చేస్తూ, చప్పుడు పడకుండా ఫ్యాను కూడా ఆపించాను."

"చేతుల్లో ఏముంది?"

"ఏమీ లేదండీ. ఒళ్ళో పెట్టుకుని కదలొద్దన్నాను."

పరంజ్యోతిగారు లేచి కండువా భుజాన వేసుకున్నారు. వంటింట్లో అరిసెలకని నానబెట్టి వడకట్టిన బియ్యం మరకు పంపడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ గిన్నె తెచ్చి శిష్యుడి నెత్తిన పెట్టారు.

"పద. ఆ పుస్తకాల సంచి కూడా తెచ్చుకో. పనికొస్తుంది."

వీధిలో పిల్లా పెద్దా చూస్తుండగా డ్రాయింగు మేస్టారు బియ్యం గిన్నెతో నడిచాడు.

రూతమ్మ పెరట్లో రోలు ఉంది గాని, అందులో కోళ్ళు నీళ్ళు తాగుతున్నాయి. రోకళ్ళు రెండూ చూరులో ఉన్నాయి. ఆవిడ గిన్నె వైపు చూసింది, పరంజ్యోతిగారి వైపు చూసింది.

"ఎవరు దంచుతారయ్యగారూ? మా తోడికోడలు దీనమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. ఒంటి రోకలితో నావల్ల కాదు."

"నీకు జతగాణ్ణి తెచ్చాను."

రూతమ్మ బర్నబాను ఎగాదిగా చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా కోళ్ళను తోలింది. రోలు కడిగింది. చూరులోంచి రోకళ్ళు దించింది.

మొదటి వాయి పేరుకు ఇద్దరిదే గాని, దంచింది ఆవిడే. పరంజ్యోతిగారు పిండి జల్లించి పళ్ళెంలో పోశారు. ఈగలు ముసిరాయి. ఆయన అటూ ఇటూ చూసి, బర్నబా సంచిలోంచి మూడో నోటు పుస్తకం తీసి పళ్ళెం మీద బోర్లించారు.

"గురువుగారూ! అది..."

"ఈగలయ్యా."

రెండో వాయిలో రోకళ్ళు ఢీకొన్నాయి. మళ్ళీ ఢీకొన్నాయి. బర్నబా చేతులు మండిపోతున్నాయి. గోడ అవతల నుంచి పొరుగింటి సలోమి, ఇంకా ఇద్దరు ఆడవాళ్ళు తొంగిచూసి నవ్వారు.

"అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి మామ్మా."

"రోట్లో తల పెట్టి రోకటిపోటుకు భయపడితే ఎలా మేస్టారూ? నాది లేచినప్పుడు నీది పడాలి. చూడకు, విను."

విన్నాడు. కాసేపటికి రోకళ్ళు ఒకదాన్నొకటి తప్పించుకోవడం మొదలుపెట్టాయి. మరి కాసేపటికి ఒకదానికోసం ఒకటి ఆగాయి. అప్పుడు ఎవరూ అడక్కుండానే రూతమ్మ ఎత్తుకుంది.

"ఎక్కడా పుట్టాడె ఏలేటి దొరబిడ్డ?"

ఆవిడ రోకలి లేచింది. తన రోకలి పడాలి. రోకలితోపాటు బర్నబా నోట్లోంచి పాదం కూడా పడింది.

"పాకలో పుట్టాడె పచ్చగడ్డీ మీద!"

"ఎవ్వరొచ్చారమ్మ ఎన్నెల్లొ చూడ?"

"గొల్లలొచ్చారమ్మ గొంగళ్ళతోటి!"

పుస్తకం పిండి మీద ఉంది. అతను దానికోసం చూడలేదు.

"ఏమి తెచ్చారమ్మ తూరుపూ దొరలు?"

"బంగారు తెచ్చారు, బోళమూ తెచ్చారు!"

"వాళ్ళు తెచ్చిరి గాని వాకిట్లొ నిలబడీ, నువ్వేమి తెచ్చావె చెప్పు చెల్లెలా?"

రూతమ్మ ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే ఆగింది. కానీ ఆవిడ రోకలి ఆగలేదు. దంచుతూనే, కళ్ళెత్తి బర్నబా వైపు చూస్తోంది.

"చెప్పు మరి," అంది.

"ఏం చెప్పాలి మామ్మా?"

"అడుగుతున్నాను కదయ్యా! నువ్వేం తెచ్చావో నాకేం తెలుసు? ఏటేటా దీనమ్మ చెప్పేది. ఓ ఏడు దూడను తెచ్చానంది, ఓ ఏడు పచ్చి బాలింతనని బిడ్డను తెచ్చానంది. ఓ ఏడు ఏమీ లేక కన్నీళ్ళు తెచ్చానంది. నిన్నూ నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ ఆ ఫోను నా ముందు పెట్టి ఊరుకున్నావు!"

బర్నబాకు నోటు పుస్తకంలో ఆ పాట కింద తాను రాసుకున్న మాట గుర్తొచ్చింది: 'ఈ చెల్లెలు ఎవరో తెలియరాలేదు.' సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కానీ రోకలి లేచే ఉంది, దాన్ని దించాలి. దించుతూ గొంతెత్తాడు.

"సంచి నిండా పాట మోసుకొచ్చానమ్మా, పాడలేకా నోరు మూసుకున్నానమ్మా! అరచేత బొబ్బలే తెచ్చాను బాలుడా, అవి తప్ప నావంటు ఏమిలేవూ!"

"అదీ!" అని అరిచింది రూతమ్మ. ఎనభై రెండేళ్ళ మనిషి రోకలిని చేతి నుంచి చేతికి మార్చి, పైకెగరేసి పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. "ఎనిమిదేళ్ళయిందయ్యా, నాకు జవాబు చెప్పినవాళ్ళు లేక!"

గోడ అవతల నవ్వులు ఎప్పుడో ఆగాయి. సలోమి గోడ దాటి వచ్చింది.

"తప్పుకోండి మేస్టారూ," అని అతని చేతిలో రోకలి లాక్కుంది. రూతమ్మ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. మూడు చరణాలూ బర్నబా పక్కనుండి అందించాడు, ఒక్క ముక్క తప్పకుండా. నాలుగోది వచ్చేసరికి సలోమి అందరి మొహాలూ చూసి, "కోడలి కడుపులో మనవణ్ణి తెచ్చాను!" అని పాడేసింది. ఆ కబురు అప్పటిదాకా వీధిలో ఎవరికీ తెలీదు. పెరడంతా గొల్లున నవ్వింది. ఎవరో ఇంటికి పరిగెత్తి తమ బియ్యం తెచ్చారు. ఇంకెవరో మరకు పంపిన బియ్యం వెనక్కి తెప్పించారు. పొద్దు వాలే వేళకు ఆ రోటి దగ్గర పదకొండు మంది జవాబు చెప్పారు. రూతమ్మకు మధ్యాహ్నం నుంచీ దగ్గు రాలేదు. వచ్చినా ఆవిడ పట్టించుకోలేదు.

చివరికి బర్నబా నోటు పుస్తకం తీసి పిండి దులిపాడు. ఆ పాట ఉన్న పేజీ తెరిచాడు. చెల్లెలు ఎవరో తెలియరాలేదన్న మాట కొట్టేశాడు. నాలుగో చరణంలో రూతమ్మ ప్రశ్న వరకూ ఉంచి, కింద నాలుగు గీతలు గీశాడు. వాటి మీద ఏమీ రాయలేదు.

కలం గురువుగారికి ఇచ్చాడు. ఎర్రగా వాచిన అతని అరచేతిని పరంజ్యోతిగారు ఒక క్షణం పట్టుకుని వదిలారు. తర్వాత రోలు అంచున కూర్చుని, మొదటి పేజీలో తొలిపలుకు రాసి ఇచ్చారు.

'పిండి మీద మూత పెట్టడానికి ఈ పుస్తకం చక్కగా సరిపోతుంది. రోకళ్ళు మాత్రం రెండు తెచ్చుకోండి.'