వేలు తియ్యని పిల్లలు

రాజరత్నం టీచరుగారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా సూటిగా ప్రశ్న వేస్తే సూటిగా జవాబు చెప్పరు. ముందు "మీదే ఊరమ్మా?" అంటారు, తరవాత మంచినీళ్లు తాగుతారు, ఆపైన ఎప్పటిదో తన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. అర్థం చేసుకోవడం మన ఖర్మ. బాలబడి పంతులమ్మలకు ఆవిడ దగ్గర పదిరోజుల శిక్షణ పెట్టినప్పుడు, ఏడో రోజుకు గాని నేనీ పద్ధతికి అలవాటు పడలేదు.

ఆ ఏడో రోజు, భోజనాలయ్యాక సగం మందిమి కునికిపాట్లు పడుతుండగా నాగవేణి లేచి నిలబడింది. ఆర్నెల్ల కిందటే ఉద్యోగంలో చేరిన పిల్ల.

"టీచర్‌గారూ, మీరేమో ఆడించమంటున్నారు. మా ఊరి తల్లులేమో దసరాకల్లా అఆలు రాయకపోతే కాన్వెంటులో వేసేస్తామంటున్నారు. ఇప్పటికే ఆరుగురిని మాన్పించేశారండి. ఆట ఎంత ఉండాలో, పాఠం ఎంత ఉండాలో ఒక్క ముక్కలో చెప్పండి. లేకపోతే నా బడి మూతపడిపోద్ది" అంది. 

"మీదే ఊరమ్మా?" అన్నారు టీచరుగారు. చెప్పింది. మంచినీళ్లు తాగారు.

నలభై ఏళ్ల కిందట ఆవిడకు మొదటి ఉద్యోగం గోదావరి మధ్య ఒక లంక ఊళ్లో వచ్చిందట. ఆవిడది మెట్ట ప్రాంతం, ఏటి సంగతులు బొత్తిగా తెలియవు. ఇరవైమంది పిల్లలు, అందరూ అయిదేళ్ల లోపువాళ్లే. రెండు నెలల్లో ఆవిడ వాళ్లను అదుపులో పెట్టేశారు. దుమ్ము లేస్తోందని ఆటలన్నీ మాన్పించారు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని కూ అంటూ గది చుట్టూ తిరిగే రైలాట మీద మరీ కోపం. "వేలు" అంటే చాలు, ఇరవై చూపుడువేళ్లు ఇరవై నోళ్ల మీదికి వెళ్లేవి. చీమ చిటుక్కుమంటే వినపడేది. తనిఖీకి వచ్చిన అమ్మగారు "బడంటే ఇదీ" అని రిజిస్టరులో రాసి వెళ్లారు. ఆ రాత చూసుకుని టీచరుగారు మురిసిపోయారట. నేనైతే ఫ్రేము కట్టించుకునేదాన్ని.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, ఏరు పెరుగుతోంది, పడవలు ఆపేస్తున్నారు అని కబురొచ్చింది. పిల్లలకు వండిపెట్టే గోధుమనూక బస్తా రేవులో దిగి ఉంది. ఆయా సెలవులో ఉంది, తల్లులందరూ దూరపు పొలాల్లో ఉన్నారు. ఆవిడ పిల్లలను వరసల్లో కూర్చోబెట్టి, "నేనొచ్చేదాకా ఎవరూ కదలకూడదు, వేలు తియ్యకూడదు" అని చెప్పి రేవుకు నడిచారు. అక్కడ నీళ్లు ఇంకా కింది మెట్టు మీదే ఉన్నాయి. ఆ ధైర్యంతో బస్తా కూలి దగ్గర పడవవాడితో కాసేపు తగువు కూడా పెట్టుకున్నారు. లంకలో వరద ముందు రేవునుంచి రాదనీ, ఊరి వెనక ఉన్న ఏటిపాయ పొంగి వస్తుందనీ అక్కడ పుట్టినవాళ్లు ఎవరైనా చెబుతారు. ఆవిడ ఎవరినీ అడగలేదు.

తిరిగి వచ్చేసరికి బడి దారి మోకాలి లోతయింది. బస్తా వదిలేసి పరిగెత్తారు. ఏడుపులు వినపడతాయేమోనని చెవులు రిక్కించారు. ఏమీ వినపడలేదు. ఎవరో వచ్చి పిల్లలను తీసుకుపోయి ఉంటారనుకుని ఊపిరి పీల్చుకున్నారు. తలుపు తోశారు.

పిల్లలు లోపలే ఉన్నారు. ఎక్కడ కూర్చోబెట్టినవాళ్లు అక్కడే, వరసల్లో ఉన్నారు. నీళ్లు వాళ్ల రొమ్ముల దాకా వచ్చాయి. పలకలు, చెప్పులు వాళ్ల మధ్య తేలుతున్నాయి. వరదకు కొట్టుకొచ్చిన చీమలు ఒక పిల్ల మెడ మీదికి బారుగా ఎక్కుతుంటే ఆ పిల్ల దులుపుకోవడం లేదు. ఒక్క వేలూ నోటి మీదనుంచి దిగలేదు. అన్ని కళ్లూ ఆవిడ ముఖం మీదే ఉన్నాయి.

పందొమ్మిదిమందే ఉన్నారు. ఇరవయ్యోది మంగతాయి, టీచరు కళ్లెదుట లేకపోతే మాట వినని ఘటం. అది లేచి ఆడుకుంటూ పెరటి గుమ్మం దిగిపోయింది. మెడ లోతు నీళ్లలో ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, రెండో చేత్తో చెప్పును పడవ చేసి తోస్తూ తనలో తను నవ్వుకుంటోంది. దానికి రెండడుగుల అవతల ఏటిపాయ సుళ్లు తిరుగుతోంది.

ఆవిడ దాన్ని లాగి చంకనేసుకుని "లేవండి" అన్నారు. అందరూ ఒక్కసారే లేచారు. "పదండి" అన్నారు. ఎవరూ కదల్లేదు. ఎవరు ముందో, ఎవరు వెనకో ఆవిడ చెప్పలేదు కదా! ఒకణ్ణి లాగితే ఒకడే వస్తున్నాడు, చెయ్యి వదిలితే అక్కడే నిలబడిపోతున్నాడు. నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి. అప్పుడు చంకలోనుంచి మంగతాయి, "రైలు కడదాం టీచరండీ" అంది.

ఆవిడ కూ అన్నారు. వెనకనుంచి ఎవరో సన్నగా కూ అన్నారు. పిల్లలందరూ ఒక చెయ్యి నోటి మీద ఉంచుకునే, రెండో చేత్తో ముందువాడి చొక్కా పట్టుకున్నారు. ఏటిగట్టు రెండువందల గజాల దూరం. ఎడమపక్క అడుగు తప్పితే పాయలోకే. ఆవిడ ఎటు తిరిగితే రైలు అటు తిరిగింది.

"దారి వాళ్లకి తెలీదు, వాళ్లని కదిలించడం నాకు తెలీదు. అలాగే గట్టెక్కాం" అన్నారు టీచరుగారు. "ఇరవైమందీ."

నాగవేణి "అమ్మయ్య" అని పైకే అనేసింది. కథ అయిపోయిందనుకుని నేను లేవబోయాను. "కూర్చో" అన్నారావిడ.

గట్టు మీద పిల్లలు ఎవరూ చెప్పకుండానే మళ్లీ వరసల్లో కూర్చున్నారట. తల్లులు పొలాలనుంచి పరిగెత్తుకొచ్చి "ఏటైందే? నోరిప్పరేటే?" అని గుండెలు బాదుకుంటుంటే పిల్లలు అలాగే చూస్తూ ఉండిపోయారట. చివరికి ఏసేబు అనే నాలుగేళ్లవాడు వేలు కాస్త పక్కకు జరిపి, "టీచరండీ, ఇప్పుడు ఏడవచ్చా?" అని అడిగాడు.

మా గదిలో కునికేవాళ్లెవరూ మిగల్లేదు.  "మీరేమన్నారండీ?" అంది నాగవేణి మెల్లిగా.

"ఏడవండి నాన్నా, అన్నాను. అందరూ ఒక్కసారే మొదలెట్టారు. వినలేక, ఇంక చాలు అన్నాను. అందరూ ఒక్కసారే ఆపేశారు."

టీచరుగారు మళ్లీ మంచినీళ్లు తాగారు. ఆ తరవాత నాగవేణి వైపు చూసి, "నేను చెప్పిన పాఠం వాళ్లకి అంత బాగా వచ్చిందమ్మా" అన్నారు.