కుంకుడు నురగ

కూర్మారావు మాస్టారిని ఏదైనా అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు లేదు. "చూద్దాం" అంటారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు ఆ మాట వింటే కొంచెం బెరుకే. ఆ చూడటమేదో చివరికి మన చేతే చేయిస్తారు, అదీ నలుగురిలో.

గెడ్డవలస హైస్కూలులో సైన్సు చెప్పే కుసుమ ఆయన శిష్యురాలే. మర్నాడు మండలంలోని సైన్సు టీచర్లందరి ముందు ఆమె నమూనా పాఠం చెప్పాలి. ఉద్యోగంలో చేరాక దక్కిన మొదటి గౌరవం అది. "కొత్తపిల్లకి ఇచ్చారేటి?" అని సీనియర్లు అప్పుడే మూతులు విరిచారు. పాఠం బెడిసికొడితే వాళ్ల నోళ్లకు తాళం వెయ్యడం ఎవరి తరమూ కాదు. అందుకని ఒకరోజు ముందే క్లాసులో అదే పాఠానికి రిహార్సలు పెట్టుకుని, రిటైరై ఊళ్లోనే ఉంటున్న మాస్టారిని పిలిపించుకుంది.

"మాస్టారూ, పిల్లలకి సైన్సు మీద ఇష్టం కలగాలంటే ఏం చెయ్యాలి? పాటలు పాడించాను, రంగురంగుల చార్టులు కట్టాను, జీర్ణవ్యవస్థ మీద నాటకం కూడా వేయించాను. ఇంకేదైనా ఉపాయం ఉంటే చెప్పండి."

"చూద్దాం. ప్రయోగం ఏటి?"

"పసుపు రాసిన కాగితం మీద సబ్బునీళ్లు వేయిస్తానండి. ఎర్రబడుతుంది. క్షారాల పాఠం."

"కాగితాలు నువ్వు పంచు. నీళ్లు నేను కలిపి తెస్తాను" అని మాస్టారు గిన్నె పట్టుకుని బడి ఎదుటి కిరాణాకొట్టు వైపు నడిచారు. కాసేపటికి గిన్నెనిండా నురగతో తిరిగొచ్చి, దాన్ని బల్లమీద పెట్టి, వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు.

మన బళ్లలో ఒక ఆచారం ఉంది. టీచరు వాక్యంలో చివరి మాటని సగం చెప్పి ఆపుతారు, మిగతా సగాన్ని క్లాసు మొత్తం అందుకుని అరుస్తుంది. "మొక్కలు పీల్చుకునేది కార్బన్ డై..." అంటే చాలు, "ఆక్సైడ్" అని పైకప్పు ఎగిరిపోతుంది. దారిన పోయేవాళ్లు విని, ఈ బడిలో చదువు బాగా చెబుతారని మెచ్చుకుంటారు. నేనూ అలా అరిచి పాసైనవాణ్నే.

పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి గిన్నెలోంచి చుక్కలు తీసుకెళ్లి కాగితం మీద వేసుకున్నారు. కుసుమ అటు తిరిగి బోర్డు మీద రాస్తూనే అడిగింది.

"సబ్బునీళ్లు వేస్తే పసుపు కాగితం ఏ రంగుకి మారింది? ఎర్..."

"ఎరుపూ" అంది క్లాసంతా.

"చాలా బాగా చెప్పారు" అని కుసుమ ఆ మాటే బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీసింది.

మాస్టారి పక్కన కూర్చున్న రోహిణి అనే అమ్మాయి మాత్రం అరవలేదు. కాగితాన్ని మడిచి లంగా కింద దాచుకుంది. ఏటమ్మా అని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నాది ఎర్రబడలేదండి. ఏదో తప్పు చేసేసినాను. టీచరుకి చెప్పకండి మాస్టారూ."

తర్వాతెప్పుడో ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు మాస్టారి గొంతు మామూలుగానే ఉంది. నాకే మనసు చివుక్కుమంది. ఉన్నది ఉన్నట్టు చూసిన పిల్ల దొంగలా ముడుచుకుని కూర్చోవడమేమిటి?

రోహిణి గుసగుస కుసుమ చెవిన పడింది. సుద్దముక్క పక్కన పెట్టి బెంచీల మధ్యకు వచ్చింది. రోహిణి కాగితం పసుపుగానే ఉంది. పక్కపిల్లదీ పసుపే. ముందు బెంచీలవాళ్లవీ, కిటికీ పక్కవాళ్లవీ, అందరివీ పసుపే. అందరికంటే గట్టిగా అరిచిన నాగేంద్ర కాగితం కూడా అంతే.

"మరి ఎరుపన్నావేంరా?"

"మీరు 'ఎర్' అన్నారు కదండీ" అన్నాడు వాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

ఈలోగా రోహిణి తన కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది సబ్బు కాదు టీచర్. కుంకుడురసం. మా అమ్మమ్మ నాకు దీంతోనే తలంటుతాది."

కుసుమ మాస్టారి వైపు చూసింది. ఆయన అవునని తల ఊపారు.

ఇక క్లాసు క్లాసులా లేదు. నురగ రెండింటికీ వస్తాది కదా, మరి సబ్బు ఎరుపు చేస్తే కుంకుడుకాయ ఎందుకు చెయ్యదని ఒకడు అడిగాడు. షాంపూ అయితేనో, బూడిద అయితేనో అని ఇంకొకరు. కుసుమ షాంపూ దగ్గర ఆగిపోయింది. "నాకూ తెలీదు. వేసి చూద్దాం" అంది. ఆ మాట ఆమె నోట పిల్లలు వినడం అదే మొదలు. కొట్టుకి ఒకరు, మధ్యాహ్న భోజనం పొయ్యి దగ్గరికి ఒకరు పరిగెత్తారు. మర్నాటికని దాచిన కాగితాలు కూడా అయిపోయాయి. ఎవరికి ఏ రంగు వచ్చిందో ఎవరికి వారే చెప్పారు. కొందరు పోట్లాడుకున్నారు కూడా.

పిల్లలు వెళ్లిపోయాక కుసుమ గిన్నె కడిగి పెట్టి మాస్టారి దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ఈవేళ జరిగింది బాగుంది. కాదనను. కానీ రేపు అంతమంది టీచర్ల ముందు ఇలా వదిలేస్తే పిల్లలు తప్పులు చెబుతారు. నా పరువేం కాను? రేపటికి సబ్బునీళ్లే పెడతానండి."

మాస్టారు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ అన్నారు.

"పెట్టుకో అమ్మా. ఇందాక నువ్వు 'ఎర్' అని అడిగినప్పుడు, ఒక్క రోహిణి తప్ప తప్పు చేసినవాళ్లెవరూ లేరు కదా."