పొడుగు ప్రార్థన

పేరు సమాధానం. ఆయన దగ్గర లేనిదల్లా అదొక్కటే.

కొండమూరు చర్చికి ఆయన పాస్టరు. పెళ్ళిళ్ళు చేస్తాడు, పిల్లలకు పేర్లు పెడతాడు, సమాధి గుంటల పక్కన నిలబడి పిడికెడు మట్టి వేస్తాడు. ప్రసంగానికి లేచాడంటే గోడకు చేరగిలబడి కునికే ముసలమ్మలు కూడా తలెత్తి వింటారు. ఇన్ని చేతనైన మనిషికి, దేవుడున్నాడన్న నమ్మకం మాత్రం చాలాకాలంగా లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. చేతిరుమాలు ఎక్కడో జారవిడుచుకున్నవాడిలా, చెమట పట్టి వెతుక్కున్నప్పుడే లేదని తెలిసింది.

ఒకనాటి ఆదివారం ప్రార్థన మధ్యలో ఆయన కళ్ళు తెరిచాడు. చేసిన తప్పు అదే. ఆడవాళ్ళంతా కొంగు నెత్తిన కప్పుకుని, మగవాళ్ళు చేతులు కట్టుకుని, అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. అందరికన్నా గట్టిగా హల్లెలూయా చెప్పే సంఘపెద్ద నింపాదిగా చెవి గోక్కుంటున్నాడు. నవ్వు రావాల్సింది. ఏడుపొచ్చింది. ఇంతమంది తలలు వంచింది ఎవరి ముందు? అక్కడ తనొక్కడే నిలబడి ఉన్నాడు. ఆ రోజు నుంచి ప్రార్థనలో ఆయన కళ్ళు మూతపడలేదు. నోరు మాత్రం అలవాటు కొద్దీ ఆడుతూనే ఉంది. నాలుకకేం, దానికి ఎముక లేదు.

మొన్న ఆశీర్వాదం ఇంటి నుంచి పిలుపొచ్చింది. ఆశీర్వాదం వయసులో ఉన్నన్నాళ్ళూ ఆ చర్చి గంట కొట్టిన మనిషి. ఇప్పుడు మంచాన పడ్డాడు, ఇక లేవడు. వచ్చి ప్రార్థన చెయ్యమని కూతురు కబురంపింది. సమాధానం తలనొప్పని చెప్పి తలుపేసుకున్నాడు. నిన్నా పిలిచారు. నిన్నా తలనొప్పే. ఇవాళ మధ్యాహ్నం ఇంక పడలేక, చర్చిలో తను తొడుక్కునే తెల్ల అంగీని సంచిలో కుక్కుకుని ఫిలేమోను అయ్యగారి దగ్గరకు నడిచాడు.

ఫిలేమోను అయ్యగారు ఆయనకు ముందు ఆ చర్చిలో పాస్టరు. సమాధానానికి వాక్యం నేర్పింది, ప్రసంగం చెప్పడం నేర్పింది, చివరికి ఆ అంగీ తొడిగింది ఆయనే. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి, చర్చి వెనక రేకుల గదిలో ఒంటరిగా రోజులు వెళ్ళదీస్తున్నాడు.

"ఇది మీరు తొడిగిందే అయ్యగారూ. మీకే ఇచ్చేద్దామని వచ్చా" అన్నాడు సమాధానం.

ముసలాయన అంగీని ఒళ్ళో పరుచుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చంక కింద కుట్టు ఊడింది గదయ్యా. ఇట్టాగే తొడుక్కుంటన్నావా?"

"నాకు నమ్మకం లేదయ్యగారూ. దేవుడు లేడు."

"ఆ గూట్లో సూదీ దారం ఉంటాయి, అందుకో. నాకు ఎక్కదు గానీ, నువ్వే ఎక్కించియ్యి."

సమాధానం దారం ఎక్కించి ఇచ్చాడు. ముసలాయన కుట్టడం మొదలుపెట్టాడు. తిడతాడనుకున్నాడు, కనీసం కన్నీళ్ళు పెట్టుకుంటాడనుకున్నాడు. రెండూ లేవు. గోడతో మాట్లాడినట్టుంది సమాధానానికి. ఆ ఉక్రోషంలోనే మిగిలింది కూడా బయటపెట్టాడు.

"ఆశీర్వాదం మంచం పక్కన నిలబడి లేనివాడితో మాట్లాడమంటారా? చచ్చిపోతున్న మనిషి ముందు నాటకమా? నావల్ల కాదు. అలసిపోయాను."

"ఎట్టా ఉన్నాడు ఆశీర్వాదం?"

"తెలీదు. నేను వెళ్ళలేదు."

సూది ఆగింది. ముసలాయన అప్పుడు తలెత్తి చూశాడు. సూదిని గుడ్డలోనే గుచ్చి, అంగీ పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచాడు.

"పద. ప్రార్థన నేను చేస్తాలే. నువ్వు ఊరికే నిలబడు. కళ్ళు మూసుకోవాల్సిన పని కూడా లేదు."

కళ్ళ సంగతి తను ఆయనకు చెప్పనేలేదని సమాధానానికి దారిలో సగం దూరం నడిచాక గానీ తట్టలేదు.

ఆశీర్వాదం కూతురు సువార్తమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"వందనాలు పెద్దయ్యగారూ. వందనాలు చిన్నయ్యగారూ, తలనొప్పి తగ్గిందా? మీ కోసం కూడా ప్రార్థన చేసుకున్నామండీ."

సమాధానానికి ఆమె మొహం చూడ్డానికి సిగ్గేసింది. ఊఁ అని తల వంచుకుని లోపలికి నడిచాడు.

ఇంట్లో చుట్టాలు మంచం చుట్టూ చేరారు. ఆశీర్వాదం పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. కళ్ళు సగం మూసి, నోరు సగం తెరిచి ఉన్నాయి. ముసలాయన చెయ్యి పైకెత్తగానే కొంగులు నెత్తిమీదికి వెళ్ళాయి, కళ్ళన్నీ మూతపడ్డాయి.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రములు..."

అవే మాటలు. చిన్నప్పటి నుంచి సమాధానం వింటున్నవే. గొంతు మాత్రం బొంగురుపోయింది. మెట్లెక్కుతున్నవాడిలా మాటమాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు ముసలాయన. సమాధానం కళ్ళు తెరుచుకునే నిలబడ్డాడు.

ఇంతలో మంచం మీంచి సన్నగా వినిపించింది.

"నీ... నీ..."

"నాన్న కూడా స్తుతిస్తన్నాడు!" అంది సువార్తమ్మ, కళ్ళు మూసుకునే, ఏడుపూ సంతోషమూ కలిసిన గొంతుతో. "నీకే స్తోత్రం ప్రభువా! నీకే స్తోత్రం!"

ఇల్లంతా స్తోత్రమంది. అంత సందడిలోనూ ఆశీర్వాదం మళ్ళీ "నీ..." అన్నాడు. ఎవరూ కళ్ళు విప్పలేదు. సమాధానానికి ఆయన నాలుక కనబడింది. ఎండిపోయి, పగుళ్ళిచ్చిన పెదవి మీద అటూ ఇటూ వెతుక్కుంటోంది. ఆ మాట స్తోత్రం కాదు. నీళ్ళు.

స్టూలు మీద చెంబుంది, గ్లాసుంది, చెంచా ఉంది. ఆశీర్వాదం చెయ్యి అంతదాకా చేరదు. సమాధానం చప్పుడు కాకుండా మంచం పక్కన మోకరించి, తల కాస్త పైకెత్తి పట్టుకుని, పెదవి మూల నుంచి చెంచాతో నీళ్ళు వదిలాడు. గొంతులో దిగడానికి చాలాసేపు పట్టింది. మరో చెంచా. అదీ నిదానంగానే దిగింది.

ప్రార్థన ముగింపుకొచ్చింది. ఆమేన్ అనాల్సిన చోట ముసలాయన ఆగి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. పొలాల కోసం ప్రార్థించాడు. వర్షాల కోసం ప్రార్థించాడు. పరీక్షలు రాసే పిల్లల కోసం, చివరికి ఆ ఇంటి చూడి గేదె కోసం కూడా ప్రార్థించాడు. ఈయనకేమైనా మతి తప్పిందా అని సమాధానం తలెత్తి చూశాడు.

ఫిలేమోను అయ్యగారి కళ్ళు తెరిచే ఉన్నాయి. చెంచానే చూస్తున్నాయి.

సమాధానం చెంచాను గ్లాసులో పెట్టాడు. ముసలాయన ఆమేన్ అన్నాడు.

సువార్తమ్మ కళ్ళు తుడుచుకుని తండ్రి మొహం చూసింది. మొహం తేటపడింది. ఊపిరి కుదురుగా ఆడుతోంది.

"మీ ప్రార్థనకి నాన్న నెమ్మదించాడు పెద్దయ్యగారూ."

సమాధానం నోరు తెరవబోయాడు. ముసలాయనే ముందు అందుకున్నాడు.

"అప్పుడప్పుడూ నోట్లో చెంచాడు నీళ్ళు పొయ్యమ్మా. పోసినప్పుడల్లా ఒక స్తోత్రం చెప్పుకో."

"అట్టాగేనండీ. రేపు కూడా వస్తారా?"

ముసలాయన సమాధానం వైపు చూశాడు. సమాధానం నేల చూపులు చూశాడు.

తిరిగి గదికి చేరగానే ముసలాయన కూలబడ్డట్టు కూర్చుని, కాళ్ళు చాపుకుని, అంగీ మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు. సమాధానం గుమ్మానికి ఆనుకుని ఆ సూదినే చూశాడు.

"ఎప్పటి నుంచి, అయ్యగారూ?"

ముసలాయన అర్థం కానట్టు నటించలేదు.

"మా సలోమి పోయిన ఏడు నుంచి."

సలోమి ఆయన భార్య. సమాధానానికి అప్పటికింకా మీసాలు రాలేదు. ఈ అంగీ తొడిగింది, తల మీద చెయ్యి పెట్టి దీవించింది, అంతా ఆ తర్వాతే.

"ఎవరన్నా చూస్తారేమోనని భయపడేవాణ్ణి" అన్నాడు ముసలాయన, కుట్టు మీంచి చూపు తిప్పకుండా. "పోనుపోను, ఎవరన్నా చూస్తే బాగుండనిపించింది. ఒక్కరూ చూళ్ళా. ఇవాళ నువ్వు చూశావు."

సమాధానం కళ్ళు తుడుచుకున్నాడు. తన గురించి వచ్చిన ఏడుపు కాదది. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఒక్కడే కళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

ముసలాయన దారానికి ముడేసి పంటితో తెంపాడు. కుట్టు మీద బొటనవేలితో రాసి, అంగీ మడతపెట్టి చాచాడు. అప్పుడే వేళ్ళు వదులు చేశాడు. పట్టుకోకపోతే కింద పడేట్టుంది. సమాధానం పట్టుకున్నాడు.

"నా మోకాళ్ళు ఇంక అంతదూరం రావయ్యా. రేపు నువ్వెళ్ళు."

"వెళ్ళి ఏమని ప్రార్థించను?"

"ఏదో ఒకటి. ఆశీర్వాదం మింగటం నిదానం. తొందరగా ముగించమాక."