గవరయ్య ఒంట్లో జల్లెళ్ళు

వెదుళ్ళపాలెంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, బంగారమ్మ తడుముకోకుండా తన గుమ్మం చూపించేది. మొగుడు గవరయ్య చెరుకు పానకం కాచి బెల్లం వండేవాడు. మరిది ఎర్నాయుడు పొయ్యి ఎగదోసేవాడు. "ఊళ్ళో వాళ్ళు మాట సగమే వింటారు. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అదీ తేడా" అని ఆమె రోజుకోసారైనా అనేది.

ఒకరోజు గవరయ్య ఒంటికి వెళ్ళొచ్చి, "ఒకటే నురగే! అచ్చం మన బెల్లం పెనంలో పానకం పొంగినట్టుంది" అన్నాడు.

"పనితనం ఒంటికి పట్టిందన్నయ్యా!" అని ఎర్నాయుడు మురిసిపోయాడు. బంగారమ్మా మురిసింది గానీ, మొగుడి కాళ్ళు ఉబ్బి చెప్పుల్లో దూరకపోయేసరికి, మరిదిని తోడు పెట్టుకుని పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరు కమలిని పరీక్షలు చేయించి అంది: "నీకు ఏళ్ళ తరబడి షుగరుందయ్యా. మన కిడ్నీల్లో లక్షల కొద్దీ సన్నటి జల్లెళ్ళుంటాయి. వాటిమీద కాళ్ళున్న కణాలు, వేళ్ళలో వేళ్ళు పెట్టినట్టు అల్లుకుని కాపలా కాస్తాయి. రక్తంలో చక్కెర పెరిగితే ఆ కాళ్ళు ముడుచుకుపోతాయి, పట్టు తప్పి ఊడిపోతాయి. పోయినవాటి చోట కొత్తవి రావు. ఒంటికి కావలసిన మాంసకృత్తులు బయటికి కారిపోతాయి. ఆ నురగ అందుకే."

"ఓలమ్మో! నా మొగుడికి లోపల అన్ని కాళ్ళా!" అంది బంగారమ్మ. "రెండు కాళ్ళకి చెప్పులు కొనడానికే పట్నమంతా తిరిగాం!"

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "మిగిలినవాటిని కాపాడుకోవచ్చు. మందులు వేళకి వెయ్యండి. షుగరు కంట్రోల్లో పెట్టాలి. తీపి ముట్టుకోకూడదు. వారం పోయాక పరగడుపున రండి, రక్తం చూద్దాం."

ముగ్గురూ తలొక మాట పంచుకుని, బస్సులో వల్లించుకుంటూ ఇల్లు చేరారు.

ఎర్నాయుడి వంతుకి షుగరు వచ్చింది. రేషను కొట్టుని ఊరంతా కంట్రోలు అనే అంటారు కదా! అంతే, చక్కెర డబ్బా చంకన పెట్టుకుని అక్కడికి పరుగెత్తాడు.

"అందరూ ఇక్కణ్ణించి పట్టుకెళ్తారు, నువ్వు తెచ్చావేంట్రా?" అన్నాడు కొట్టాయన.

"డాక్టరమ్మ కంట్రోల్లో పెట్టమంది, పెట్టాను. ఇంక దాని బాధ్యత నీది!" అని తూకం మీద డబ్బా దించి వచ్చేశాడు.

ఇంకేముంది, ఇంట్లో చక్కెర లేదు. బెల్లం మాత్రం అటక నిండా ఉంది. ఆ పూట గవరయ్య చేతులు తువ్వాలుతో వెనక్కి కట్టించుకుని నోరు తెరిచాడు. బంగారమ్మ బెల్లం ముక్కలు తుంచి నోట్లో వేసింది.

"ముట్టుకున్నావా మావా?"

"చేతులు కట్టేసుంటే ఎలా ముట్టుకుంటానే?"

"మరి పళ్ళు తగిలాయేమో?"

"పిచ్చిదానా! పళ్ళతో కొరుకుతారు గానీ ముట్టుకుంటారా!"

డాక్టరమ్మ మాట ఇంత తేలిగ్గా నిలబడుతుందని బంగారమ్మ కలలో కూడా అనుకోలేదు. మూడు పూటలా ముట్టుకోకుండానే తినిపించింది.

వారం గడిచింది. ఇక పరగడుపు. "పర అంటే పరాయి. పరాయివాడి కడుపుతో వెళ్ళాలి" అని తేల్చింది బంగారమ్మ.

"నేనెళ్తా వదినా!"

"తమ్ముడివి, పరాయివాడివెలా అవుతావు?"

నిజమే. అన్నదమ్ములిద్దరూ గంటసేపు జుట్లు పట్టుకుని కొట్టుకున్నారు. "నీకూ నాకూ ఏ సంబంధం లేదు, పో!" అని గవరయ్య అరిచాక, ఎర్నాయుడు సంతోషంగా బస్సెక్కి, అన్న పేరు చెప్పి తన రక్తం ఇచ్చి కాగితం తెచ్చాడు. షుగరు భేషుగ్గా ఉంది! అంతే, నయమైపోయిందని ఊరందరికీ బూరెలు వండారు. గవరయ్య వాటినీ ముట్టుకోలేదు. ఇరవై రెండు తిన్నాడు.

నాలుగోనాటికి ముఖం బూరెలా పొంగింది. పడుకుంటే ఊపిరాడలేదు. బంగారమ్మ అతని కాలి మీద వేలు నొక్కింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. ఆ గుంట వంక చూస్తూ, "కాగితం బాగుంది, మనిషే బాగోలేడు..." అని భోరుమంది. బెల్లం దిమ్మలు తోలే ఆటోలో మొగుణ్ణి వేసుకుని, అతని తల ఒళ్ళో పెట్టుకుని పట్నం చేరింది.

కథంతా విని డాక్టరమ్మ ముందు మండిపడింది, తర్వాత గోడవైపు తిరిగి నవ్వింది. పది రోజులు ఉంచుకుని నీరు తీయించింది. "అదృష్టం, ఇంకా చాలా జల్లెళ్ళు మిగిలాయి" అని ఈసారి విడమరిచి చెప్పింది. "చక్కెరైనా, బెల్లమైనా, బూరెలైనా, ఎవరి చేత్తో పెట్టినా సరే, నీ నోట్లోకి పోకూడదు. ఏమీ తినకుండా నువ్వే రావాలి, నీ రక్తమే ఇవ్వాలి. నెలకోసారి కనిపించి వెళ్ళండి."

బంగారమ్మ ఇంట్లో బెల్లమంతా అమ్మించేసింది. నెలంతా ఆమె కాపలాలో గవరయ్య రాగిసంకటి, ఆకుకూరలు తిన్నాడు. ఉబ్బు దిగి చెప్పులు పట్టాయి.

నెల తిరిగింది. ముగ్గురూ తెల్లారే పట్నంలో దిగి, డాక్టరమ్మ గది కిటికీ దగ్గర వరసగా నిలబడ్డారు. ఆమె తలెత్తింది.

"కనిపించామమ్మా! వెళ్ళొస్తాం!" అని కేకేసి, అంతే, ఆస్పత్రి ముందే ఆగి ఉన్న, తాము వచ్చిన బస్సు వైపే పరుగు.

డాక్టరమ్మ వేలు పొడిచే మిషను పట్టుకుని వెంటపడింది. "గవరయ్యా, ఆగు! ముగ్గురూ అక్కడే ఆగండి! కదలొద్దు!"

ఆగిపోయారు. ఎర్నాయుడు బస్సు మెట్టు మీద, బంగారమ్మ తలుపులో, గవరయ్య ఒక కాలు పైనా ఒక కాలు కిందా. డాక్టరమ్మ అక్కడే అతని వేలు పొడిచి చూసి, "శభాష్! చాలా తగ్గింది!" అని బంగారమ్మ భుజం తట్టి, సంతోషంలో లోపలికి వెళ్ళిపోయింది.

కదలమని చెప్పడం మరిచిపోయింది. కండక్టరు తిట్టాడు, డ్రైవరు బతిమాలాడు, జనం తోశారు. "డాక్టరమ్మ మాట కాదంటే ఏమవుతుందో మాకు తెలుసు!" అంది బంగారమ్మ, తలైనా తిప్పకుండా. మధ్యాహ్నం డాక్టరమ్మ అన్నానికి బయటికొచ్చేదాకా ఆ బస్సు కదిలితే ఒట్టు.