నాంచారి అడిగిన మూల

రండర్రా, దగ్గరగా జరిగి కూర్చోండి.

పూర్వం ఒక ఊళ్లో భూపాలయ్య అనే పెత్తందారు ఉండేవాడు. ఎవరికి ఏ మేలు జరిగినా ఆయన కడుపు మండిపోయేది. ఒకసారి పగుళ్లు కనబడకుండా సున్నం కొట్టించి, ఓ పాత ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కుమ్మరి నాంచారి పదేళ్లు కుండలమ్మి కూడబెట్టినదంతా మూటగట్టుకుని వచ్చింది.

"దొరా, పునాది తవ్వి చూసుకుంటాను" అంది.

"నా మాట మీదే నమ్మకం లేదుటే? మట్టి కదిపావో, ఊళ్లో ఉండవు!" అని భూపాలయ్య కసిరాడు.

నాంచారి కాసేపు ఆలోచించింది. "సరే దొరా, మీరు చెప్పిన ధరకే రేపు కొంటాను. ఆ ఈశాన్యం మూల కింద ఏం దొరికినా నాదేనని పత్రంలో రాయించండి, చాలు."

ఆ మాటతో భూపాలయ్యకు కుదురు లేకుండా పోయింది. అయితే అక్కడ లంకెబిందెలున్నాయన్నమాట! నాకే తెలియని సంగతి దీనికెలా తెలిసింది? కుండలమ్ముకునేది నాకంటే గొప్పదైపోతుందా? తెల్లారగానే కూలీలను పెట్టి ఆ మూల నిలువులోతు తవ్వించాడు. ఊరంతా చేరింది. బిందెలు లేవు సరికదా, పునాదిలో ఒక్క రాయైనా లేదు. నల్లరేగడి మీద ఉత్త మట్టిగోడ లేపారంతే.

నాంచారి గోతిలోకి తొంగిచూసి, "నేను చూడాలన్నది మీరే తవ్వి చూపించారు దొరా. ఈ ఇల్లు నాకొద్దు" అని మూట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇక లేవండర్రా. ఇళ్లల్లో అన్నాలు చల్లారిపోతున్నాయి, పోయి తినండి.