పేజీ దాటని పరుగు

అనగనగా, గోదావరి గట్టునున్న ఒక ఊళ్ళో ఒక చిన్న అచ్చాఫీసు ఉండేదమ్మా. అందులో అక్షరాలు పేర్చేవాడు గవర్రాజు. అరవై ఏళ్ళవాడు, మహా మొండివాడు. చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక కామేశం మాస్టారు రాత్రిబడిలో కూర్చోబెట్టి నేర్పిన చదువే వాడి చదువు.

ఆ మాస్టారు ఒక పెద్ద పుస్తకం రాశారు. ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు చెప్పే పుస్తకం. ఇరవై ఏళ్ళ కష్టం. మాటలన్నీ వరసగా అచ్చుకెక్కుతూ వచ్చాయి. 'రన్' అనే మాట దగ్గరికొచ్చి ఆగిపోయాయి.

రన్ అంటే పరిగెత్తడం, అంతే కదా అనుకుంటాం. గవర్రాజూ అలాగే అనుకున్నాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, పేజీ పేర్చి, చుట్టూ దారం కట్టేశాడు.

అప్పుడు మాస్టారు రేగిన జుట్టుతో, చీటీ పట్టుకుని వచ్చారు.

"గవర్రాజూ, ముక్కు కారడాన్ని కూడా వాళ్ళు రన్ అనే అంటార్రా."

"ముక్కు పరిగెడుతుందాండీ?"

"వాళ్ళది పరిగెడుతుంది. మనది కారుతుంది. అదీ వెయ్యి."

ఒక్క వరస చేర్చాలంటే కింది వరసలన్నీ జరపాలి. గవర్రాజు దారం విప్పాడు, మళ్ళీ పేర్చాడు, మళ్ళీ కట్టాడు.

ఆ తర్వాత మాస్టారు ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చారు. కొట్టు నడపడమూ రన్నేనట, చీర రంగు దిగడమూ రన్నేనట. గవర్రాజు గొణుక్కుంటూ దారం విప్పాడు.

ఆ తర్వాత మూడోసారి వచ్చారు.

"మనం ఎన్నికల్లో నిలబడతామా, దాన్నీ రన్ అంటార్రా."

"మనం నిలబడితే, వాళ్ళు పరిగెడతారా?"

"అదేగా నాకు నిద్ర పట్టనివ్వనిది."

నవ్వుతున్నావా? గవర్రాజుకి మాత్రం నవ్వు రాలేదు. ఆ అచ్చాఫీసులో ఉన్నవే కాసిని అక్షరాలు. ఒక పేజీ అచ్చయితేనే వాటిని విప్పి ఇంకో పనికి వాడుకోవాలి. 'ర'లన్నీ ఆ పేజీలోనే ఇరుక్కుపోయాయి. పెళ్ళివారు శుభలేఖలకొస్తే 'శ్రీరస్తు' వెయ్యడానికి ఒక్క 'ర' లేదు.

యజమాని వీరభద్రంగారు మూడు వారాలు ఓపిక పట్టారు. అప్పుడు గవర్రాజుని పిలిచారు.

"శనివారం మధ్యాహ్నం లోపు మాస్టారు ఇక అచ్చు వెయ్యమని ఆ పేజీ నమూనా మీద సంతకం పెడితే సరి. లేకపోతే విప్పేసి అక్షరాలు పెట్టె గళ్ళల్లో పోసెయ్యి. ఇక ఆ పుస్తకం ఊసెత్తకు."

గవర్రాజుకి కూర్చుంటే లేవాలనిపించింది. లేస్తే తిరగాలనిపించింది. చదువు చెప్పిన మాస్టారి పుస్తకాన్ని తన చేత్తోనే విప్పాలా? అన్నం సయించలేదు.

శనివారం వచ్చింది. మాస్టారూ వచ్చారు. చేతిలో ఇంకో చీటీ.

గవర్రాజు చెయ్యి చాచలేదు.

"నేను పేర్చనండీ."

"ఏవిట్రా?"

"ఇది పేరిస్తే ఇంకోటి పట్టుకొస్తారు. సంతకం పెట్టండి."

"అన్నీ లేకుండా ఎలా పెడతాన్రా? రేపెవరో వెతుక్కుంటారు, దొరకదు. మాస్టారు మోసం చేశాడనుకుంటారు."

గవర్రాజు దారం కట్టిన పేజీ మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు మెల్లగా అన్నాడు.

"రాత్రిబడిలో మొదటి రోజు మీరు నాకు అక్షరాలన్నీ నేర్పారాండీ? నా పేరు రాయించి పంపారు. నాలుగంటే నాలుగక్షరాలు. ఇంటికెళ్ళి తలుపు మీద బొగ్గుతో రాసుకున్నాను. మా ఆవిడ తిట్టింది కూడా. మిగతావి నేర్పలేదని మీ మీద నాకు కోపం రాలేదే."

మాస్టారు కాగితాల కట్ట మీద కూలబడ్డారు.

గవర్రాజు పెట్టెలోంచి అక్షరం లేని సీసం ముక్కలు తీశాడు. అచ్చులో ఖాళీ కూడా ఊరికే రాదమ్మా. సిరా అంటని పొట్టి ముక్కలు పేరిస్తేనే కాగితం తెల్లగా మిగులుతుంది. 'రన్' అర్థాల కింద అవి వరసగా పేర్చాడు. వాటి పైన ఒక్క వరస తన సొంతంగా వేశాడు: 'మీకు దొరికినవి ఇక్కడ రాసుకోండి.'

మాస్టారు వంగి చూశారు. "ఎన్ని వరసలు?"

"ఏడు."

"చాలవు. పన్నెండు పెట్టు."

"తొమ్మిది. అంతకు మించి ఒక్కటి పెట్టను."

మాస్టారు అతని మొహంలోకి చూశారు. ఆ తర్వాత కలం తీసి సంతకం పెట్టారు.

మిషను కదిలింది. ఆ దడదడ చప్పుడులోనే, కాగితాల కట్ట మీదే, చీటీ చేతిలో పట్టుకునే మాస్టారు నిద్రపోయారు. గవర్రాజు ఆ చీటీ తీసి, మడిచి, ఆయన జేబులో పెట్టాడు. అందులో ఏముందో చూడలేదు. ఆ తర్వాత, అచ్చయిన పేజీ దారం విప్పి, 'ర'లు ఒక్కొక్కటే వాటి గడిలో వేసుకుంటూ కూర్చున్నాడు.

అక్షరాలు గళ్ళల్లో సర్దుకున్నాయి,
ఈ అమ్మమ్మ కాళ్ళు దుప్పట్లో ముడుచుకున్నాయి.
కథేమో కంచికి బండి కట్టింది,
కంటికేమో కునుకొచ్చి పట్టింది.